కెన్యాలో పోయిన భూమి స్వాతంత్ర్యం వచ్చాక ఎందుకు తిరిగి రాలేదు?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఉద్యోగం మీద నైరోబీ వచ్చి ఆరు నెలలైంది. ఇక్కడ ఎవరితో మాట్లాడినా మాట తిరిగి తిరిగి భూమి దగ్గరికి, బ్రిటిష్ వాళ్ల దగ్గరికి వస్తోంది. మనల్నీ వాళ్లే పాలించారు. మన రైతులెవరూ ఇప్పుడు వాళ్ల మీద కేసులు వేయడం లేదు. 1963లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడే వీళ్ల భూమి వీళ్లకు వచ్చి ఉండాలి కదా? అరవై ఏళ్లు దాటినా ఈ బాధ ఎందుకు తీరలేదు?"

నేను పన్నెండేళ్లుగా కెన్యాలో భూమి కొలతలు, పాత రికార్డుల పని చేస్తున్నాను. అంతకుముందు మన జిల్లాల్లో సర్వే పనే చేశాను. రెండు చోట్లా గొలుసు పట్టి పొలాల్లో తిరిగిన అనుభవంతో జవాబు చెబుతాను. కాస్త పొడవుగా ఉంటుంది, ఓపికగా చదవండి.

ముందు సూటిగా చెప్పాల్సింది: ఆ భూమిని తిరిగి ఇవ్వలేదు, అమ్మారు. డబ్బో పలుకుబడో ఉన్నవాళ్లు కొన్నారు. పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది కొనలేకపోయారు. పైగా భూమిని తీసుకోవడానికి వలస ప్రభుత్వం తయారుచేసిన పటాలు, పట్టాలు, వాటి వెనకున్న చట్టాలు జెండా మారిన రోజున రద్దు కాలేదు. కొత్త ప్రభుత్వం వాటి మీదే తన భూపరిపాలన నిలబెట్టుకుంది. అప్పుడు కాగితంలో పేరు లేనివాడికి ఇప్పుడూ పేరు లేదు.

మన దేశంతో పోలిక తెచ్చారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. మన రైత్వారీ జిల్లాల్లో బ్రిటిష్ వాళ్లు ప్రధానంగా పట్టుకుపోయింది శిస్తు. పట్టా రైతు పేరు మీదే ఉండేది. శిస్తు కట్టలేక భూమి పోగొట్టుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, ఆ బాధను నేను తగ్గించి చెప్పను. కానీ వేలాది ఇంగ్లీషు కుటుంబాలు వచ్చి తెనాలి చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించి, కృష్ణా కాలువల కింద పొలాలు తమ పేర రాయించుకుని, పాత రైతులనే కూలీలుగా పెట్టుకోవడం జరగలేదు. కెన్యాలో అచ్చంగా అదే జరిగింది. మన ఏజెన్సీ సంగతి వేరు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొండలు ఎలా రిజర్వు అడవులైపోయాయో రంపచోడవరం వైపు పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. కెన్యా కథ వాళ్లకు మనకంటే త్వరగా అర్థమవుతుంది.

ఇప్పుడు కెన్యా. మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా రైలు మార్గం 1901లో పూర్తయింది. దాన్ని వేయడానికి హిందుస్థాన్ నుంచి తెచ్చిన కూలీలు ముప్ఫై వేలకు పైనే, ఎక్కువమంది పంజాబువాళ్లు. రైలు ఖర్చు రాబట్టాలంటే దారి పొడవునా ఎగుమతి పంటలు పండించే తెల్ల రైతులు ఉండాలని ప్రభుత్వం తలచింది. చల్లటి వాతావరణం, ఎర్రమట్టి, మంచి వర్షం ఉన్న ఎత్తైన ప్రాంతమంతా అలా "తెల్లవారి ఎగువ భూములు" అయింది. 70 లక్షల ఎకరాలకు పైగానే ఉంటుంది. లార్డ్ డెలమేర్ అనే ఇంగ్లీషు ప్రభువు ఒక్కడికే 1903లో న్జోరో దగ్గర లక్ష ఎకరాలు 99 ఏళ్ల కౌలుకు దక్కాయి. ఆ ప్రాంతంలో భారతీయులకు కూడా భూమి ఇవ్వకూడదన్న నిర్ణయాన్ని 1923లో లండన్ ఖాయం చేసింది. భూమికి దూరమైన మనవాళ్లలో చాలామంది అంగళ్లు పెట్టుకున్నారు. స్వాహిలీలో అంగడిని "దుకా" అంటారు, మన దుకాణమే.

ఆ భూములు అప్పటికి ఖాళీగా ఉన్నాయని ఇప్పటికీ కొందరు అంటారు. ఈ వాదన మీరు తప్పకుండా వింటారు కాబట్టి వివరంగా చెబుతాను. 1890ల్లో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి, మందలు మేపుకుని బతికే మాసాయి తెగవాళ్ల పశువులను తుడిచిపెట్టింది. ఆ వెనకే మశూచి, ఆ దశాబ్దం చివర్లో పెద్ద కరువు. వ్యవసాయం చేసుకుని బతికే కికూయు తెగ ప్రాంతం దక్షిణపు అంచున ఊళ్లకు ఊళ్లు చితికిపోయి, బతికినవాళ్లు ఉత్తరాన బంధువుల ఇళ్లకు చేరారు. సరిగ్గా ఆ సమయంలో తెల్లవాళ్లు వచ్చి చూశారు. ఇంటివాళ్లు జ్వరంతో ఆసుపత్రిలో ఉంటే తలుపు తోసి చూసి, ఇందులో ఎవరూ లేరని రాసుకున్నట్టయింది. ఇక పశువుల కాపరికి మేత నేల ఏడాదిలో సగం రోజులు ఖాళీగానే ఉంటుంది. గడ్డి మళ్లీ మొలవాలంటే అలా ఉండాలి కూడా. బీడుగా కనిపించిన నేల యజమాని లేని నేల కాదు.

అసలు గాయం కోర్టుల్లో పడింది. ఈ రెండు తీర్పులు తెలిస్తే మిగతా అంతా తెలిసినట్టే.

1904లో ప్రభుత్వం మాసాయిలతో ఒప్పందం చేసుకుంది. రిఫ్ట్ లోయలోని మంచి మేత భూములు వదిలేయండి, బదులుగా ఉత్తరాన లైకిపియాలో ఒకటి, దక్షిణాన ఒకటి, రెండు ప్రాంతాలు మీకే ఉంటాయి అన్నారు. మాసాయి జాతి ఉన్నంతకాలం ఈ ఒప్పందం చెల్లుతుందని రాశారు. ఏడేళ్లు గడిచాయి. 1911లో మరో ఒప్పందం చేసి, లైకిపియా కూడా ఖాళీ చేసి దక్షిణానికి పొమ్మన్నారు. 1913 దాకా సాగిన ఆ తరలింపులో వేలాది మనుషులు, లక్షల పశువులు చలిలో, వానలో కొండలు దాటాల్సి వచ్చింది. మాసాయిలు తిరగబడలేదు, కోర్టుకు వెళ్లారు. ఓలే న్జోగో అనే ఆయన, మరికొందరు వేసిన దావా 1913లో తేలింది. మాసాయిలు సొంత సార్వభౌమత్వం ఉన్నవాళ్లు, ఇది రెండు రాజ్యాల మధ్య జరిగిన సంధి, దాన్ని విచారించే అధికారం ఈ కోర్టుకు లేదు అని కొట్టేశారు.

ఎనిమిదేళ్ల తర్వాత, 1921లో, ఒక కికూయు కేసులో అదే దేశపు కోర్టు మరో మాట చెప్పింది. 1915 చట్టం ప్రకారం ఆఫ్రికన్లు నివసిస్తున్న నేల కూడా బ్రిటిష్ రాజుదే, వాళ్లు రాజు ఇష్టం ఉన్నంతకాలం అక్కడ ఉండే కౌలుదారులు మాత్రమే అని. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. భూమి వదులుకునే సంతకం పెట్టేటప్పుడు ఆఫ్రికన్ ఒక స్వతంత్ర రాజ్యం. ఆ భూమి నాది అని అడగబోతే రాజు దయ మీద ఉన్న అద్దెకాపు. నేను ఎన్నో దావాల కాగితాలు చదివాను కానీ మనిషికి రెండు వైపులా తలుపు ఇంత గట్టిగా మూసిన జంట తీర్పులు వేరే చూడలేదు. అదే 1915 చట్టం తెల్లవాళ్ల కౌలు గడువును 999 ఏళ్లకు పెంచింది.

భూమి పోయినవాడు పనికి రావాలి కాబట్టి పన్నులు వేశారు. ముందు గుడిసె పన్ను, 1910 నుంచి తలపన్ను. పన్ను నగదులోనే కట్టాలి, నగదు తెల్లవాడి పొలంలోనే దొరుకుతుంది. కాఫీ వేసుకుని సంపాదించుకుందామన్నా కికూయు రైతుకు 1950ల దాకా అడ్డంకులే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ప్రతి ఆఫ్రికన్ మగవాడూ "కిపాండే" అనే గుర్తింపు పత్రం దగ్గర ఉంచుకోవాలన్నారు. వేలిముద్రలు, యజమాని పేరు, జీతం, పనిలో చేరిన తేదీ, మానిన తేదీ అందులో ఉంటాయి. దాన్ని చిన్న లోహపు డబ్బీలో పెట్టి మెడకు కట్టుకునేవారు.

కెరిచో వైపు పని చేస్తున్నప్పుడు ఒక పెద్దాయన అలాంటి డబ్బీ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. వాళ్ల నాన్నది. మూత దగ్గర తుప్పు పట్టి బిగుసుకుపోతే నూనె వేసి కాసేపు ఆగి తీశాం. లోపలి కాగితం మడతల దగ్గర నాలుగు ముక్కలైంది. పది వేళ్ల ముద్రలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ఏ తోటలో ఏ నెల చేరాడో, ఎన్ని షిల్లింగులకో రాసి ఉంది. ఆ తోట ఉన్న కొండ ఒకప్పుడు తమ వంశానిదని నిరూపించడానికే ఆయన దాన్ని తెచ్చారు. అందులో అలాంటి వాక్యం ఒక్కటీ లేదని చెప్పాల్సి వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. ముక్కలను మళ్లీ మడిచి డబ్బీలో పెట్టుకున్నారు. ఆయన తండ్రి గురించి ప్రభుత్వం దగ్గర ఉన్న కాగితం అదొక్కటే, అది కూలీగా రాసిన కాగితం.

ఆయన తలాయి వంశస్థుడు. కిప్సిగీస్, నాండీ ప్రజలకు పెద్దదిక్కుగా ఉండే వంశం అది. ప్రజలను రెచ్చగొడుతున్నారని 1934లో ప్రత్యేక చట్టం చేసి, సుమారు 700 మందిని విక్టోరియా సరస్సు పక్కన గ్వాసీ అనే చోటికి పంపేశారు. నిద్రవ్యాధి తెచ్చే ఈగలున్న నేల. స్వాతంత్ర్యం ముంగిట తిరిగి వచ్చేసరికి కెరిచో కొండలన్నీ తేయాకు తోటలు. 2019లో కిప్సిగీస్, తలాయి ప్రజలు లక్ష మందికి పైగా సంతకాలతో ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేశారు. 2022లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టులో బ్రిటన్ మీద కేసు వేశారు. మీరు విన్న కేసుల్లో ఒకటి ఇదే అయి ఉంటుంది.

మరి 1963లో ఏం జరిగింది? ముందు దానికి పదేళ్ల వెనకటి సంగతి చూడాలి. నైరోబీ పక్కనే లిమూరు దగ్గర టిగోని అనే చోట తెల్లవాళ్ల పొలాల మధ్య ఒక కికూయు దీవి మిగిలింది. 1930ల్లో కమిషన్ వేసి దాన్నీ ఖాళీ చేయించి, బదులుగా లారిలో భూమి ఇచ్చారు. లూకా అనే పెద్ద ఒప్పుకుని తనవాళ్లతో లారికి వెళ్లాడు. ఒప్పుకోనివాళ్లకు అక్కడా లేదు, ఇక్కడా లేదు. 1953 మార్చి 26 రాత్రి, భూమి కోసం బ్రిటిష్ పాలన మీద ఆయుధం పట్టిన మావుమావు దళాలు లారి మీద పడి లూకా కుటుంబంతో సహా పదుల మందిని చంపాయి. తెల్లవారేలోగా ప్రభుత్వ పక్షం ప్రతీకారంగా అంతకంటే ఎక్కువ మందిని చంపింది. ఈ దారుణంలో ఏ పక్షాన్నీ నేను వెనకేసుకురాను. కానీ బయటి పత్రికలు దీన్ని ఆటవికుల హింస అని రాశాయి. లారి ఊళ్లో అడిగితే ప్రతి ఇంట్లోనూ ముందు టిగోని పేరు చెబుతారు.

ఆ తిరుగుబాటును అణచడానికి ప్రభుత్వం పెట్టిన అత్యవసర పరిస్థితిలోనే పది లక్షల మందికి పైగా కికూయులను కంచెల మధ్య కొత్త ఊళ్లలోకి నెట్టారు. 1954లో స్విన్నర్టన్ ప్రణాళిక పేరుతో చెదురుమదురు కమతాలను కలిపి, కొలిచి, ఒక్కొక్కరి పేర పట్టాలివ్వడం మొదలైంది. వ్యవసాయం దృష్టితో మంచి ఆలోచనే. కానీ కొలిచే రోజున ఎంతోమంది నిర్బంధ శిబిరాల్లో ఉన్నారు. ఊళ్లో ఉన్నవాళ్లు, ప్రభుత్వానికి విధేయులైనవాళ్లు మంచి ముక్కలు రాయించుకున్నారు. కికూయు పద్ధతిలో భూమి ఒక వంశానిది. అందులో "అహోయి" అనే, సొంత భూమి లేని సాగుదార్లకు కూడా చోటుండేది. కోడళ్లకు తమ వంతు మళ్లు ఉండేవి. పట్టాలో ఒక్క మగవాడి పేరే పడింది. అహోయిలు, ఆడవాళ్లు ఒక్క కలం పోటుతో రికార్డులోంచి లేకుండా పోయారు.

కియాంబు దగ్గర ఒక తగాదాలో హద్దు చూడటానికి వెళ్లాను. ఎనభై దాటిన పెద్దమ్మ చేతికర్రతో ముందు నడిచింది. కంచె కంటే పాతిక అడుగుల లోపల ఆగి, ఇక్కడ తవ్వమంది. జానెడు లోతులో వరసగా లిల్లీ దుంపలు కనిపించాయి. ఇతోకా అంటారు. కికూయులు హద్దుకు రాయికి బదులు ఈ దుంపలు నాటేవారు. దున్నినా చావవు, మళ్లీ మొలుస్తాయి. మేం గొలుసు వేసి చూస్తే ఆ వరస తిన్నగా వాగు దాకా సాగింది. మా అత్త నాటింది, మా వంతు ఇక్కడి దాకా అని ఆమె చెప్పింది. 1950ల నాటి పట్టా ప్రకారం ఆ నేల వేరొకరిది, దాన్ని మోసమని నిరూపించే దారి లేదు. ఆ రకం పట్టాలో మొదటి నమోదు తప్పయినా దాన్ని సవాలు చేయడం చాలా కష్టం, ఆ చట్టాన్ని కావాలనే అలా రాశారు. నేను కొలతల నివేదికలో దుంపల వరసను గీసి, కింద వివరం రాశాను. తీర్పు పట్టాకే వచ్చింది.

ఇక స్వాతంత్ర్యం. కొత్త రాజ్యాంగం అప్పటికే ఉన్న ఆస్తి హక్కులను కాపాడింది, అంటే తెల్లవాళ్ల పట్టాలనూ కాపాడింది. "పది లక్షల ఎకరాల పథకం" కింద ప్రభుత్వం తెల్ల రైతుల దగ్గర ధర కట్టి భూమి కొని, సుమారు 35,000 కుటుంబాలకు పంచింది. కొనడానికి డబ్బు బ్రిటన్, ప్రపంచ బ్యాంకుల నుంచి చాలావరకు అప్పుగా వచ్చింది. ఆ అప్పు ఆ కుటుంబాలు వాయిదాల్లో తీర్చాలి. తాత దగ్గర ఉచితంగా లాక్కున్న నేలను మనవడు వడ్డీతో కొనుక్కున్నాడు. వాయిదా కట్టలేక పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. పథకంలోకి రాని పెద్ద పెద్ద కమతాలు ముక్కలు కాకుండానే కొత్త పాలకవర్గం చేతికి, కంపెనీల చేతికి వెళ్లాయి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. అన్నీ బ్రిటిష్ వాళ్ల నెత్తిన రుద్దితే సరిపోదు. వాళ్లు రాకముందు మాసాయిలూ ఇరుగుపొరుగువాళ్లూ భూమి కోసం కొట్టుకున్నారు. స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వ భూములను అక్రమంగా ఎలా పంచుకున్నారో కెన్యా ప్రభుత్వమే వేసిన న్దుంగు కమిషన్ 2004లో బయటపెట్టింది. ఆ నేతలు సొంత ప్రజలకు చేసిన ద్రోహాన్ని నేను క్షమించను. కానీ సామూహిక హక్కును లెక్కలోకి తీసుకోని ఆ రికార్డు వలస పాలన కట్టింది. తాళం లేని ఇల్లు దొరికినట్టు తర్వాతివాళ్లు దాన్ని వాడుకున్నారు.

దీని ఫలితాల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టేది బాధితులే ఎదురెదురుగా నిలబడటం. కియాంబులో భూమి పోయిన కికూయులు రిఫ్ట్ లోయలో కొనుక్కున్నారు. ఆ లోయ నేల అంతకుముందు మాసాయిలు, కాలెంజిన్లు (కిప్సిగీస్, నాండీలు వీళ్లలోవాళ్లే) పోగొట్టుకున్నది. తెల్లవాడు వెళ్లగానే మాకు వస్తుందనుకున్న నేల వేరేవాళ్ల పట్టా అయింది. 2007 చివరి ఎన్నికల తర్వాత 1,100 మందికి పైగా చనిపోయి, ఆరు లక్షల మంది ఇళ్లు వదిలిన అల్లర్లకు ఓట్ల లెక్కింపు నిప్పు అయితే, ఆ పాత పగ ఎండుగడ్డి.

చివరిగా, ఈ బాధ తీర్చడానికి ఇప్పుడు ఏమైనా జరుగుతోందా? జరుగుతోంది, నెమ్మదిగా. 2010 రాజ్యాంగం విదేశీయుల 999 ఏళ్ల కౌళ్లను 99 ఏళ్లకు కుదించింది, సామూహిక భూమిని ఒక హక్కుగా గుర్తించింది. 2016లో దానికి చట్టం వచ్చింది. మావు అడవిలో ఉండే ఓగియెక్‌ల కేసులో ఆఫ్రికా మానవ హక్కుల కోర్టు 2017లో వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. 2022లో 15 కోట్ల షిల్లింగులకు పైగా పరిహారం, భూమికి సామూహిక పట్టా ఇవ్వాలంది. 2023 నవంబరులో అదే అడవిలో మళ్లీ ఇళ్లు కూల్చారు. బ్రిటన్ విషయానికి వస్తే, 2013లో మావుమావు కాలపు చిత్రహింసల బాధితులు 5,228 మందికి 1.99 కోట్ల పౌండ్ల పరిష్కారానికి ఒప్పుకుంది. భూమికి ఒక్క పౌండు కూడా కాదు. 2023లో రాజు చార్లెస్ నైరోబీ వచ్చి తీవ్ర విచారం వ్యక్తం చేశారు. క్షమాపణ చెప్పలేదు.

మీ సహోద్యోగులతో మాట కలిసినప్పుడు ఒక సలహా. మీ తాతగారు ఎక్కడ పుట్టారు, ఇప్పుడు మీ కుటుంబం ఎక్కడ ఉంది అని అడగండి. ఆ రెండు ఊళ్ల మధ్య దూరం ఎలా వచ్చిందో వాళ్లే చెబుతారు. ఇక్కడ స్థలం కొనే ఆలోచన ఉంటే పట్టా ఒక్కటే చూసి డబ్బు కట్టకండి. భూమి కార్యాలయంలో వెతికించండి, పక్క పొలంలోని వయసు మళ్లినవాళ్లను కూడా కలవండి.

లైకిపియా ఉత్తరాన ఒక మాసాయి సమూహం కోసం మేం కొలిచిన పటం ఇప్పుడు నా ముందే ఉంది. హద్దుల్లో నీటి చెలమలు, ఉప్పు నేల, ఎండాకాలం మేత దారి, మూడు పాత దొడ్ల గుర్తులు గీశాం. పెద్దలు నాలుగు రోజులు మాతో నడిచి ఒక్కో చోటుకు పేరు చెప్పారు. పొరుగు సమూహం కూడా వచ్చి హద్దుకు ఒప్పుకుని వేలిముద్ర వేసింది. దరఖాస్తు పెట్టి రెండో ఏడాది నడుస్తోంది. ఈ నెలలో మళ్లీ కార్యాలయానికి వెళ్లాలి. ఆ హద్దు ఒప్పందం రెండో ప్రతి కూడా కావాలంటున్నారు.